పాత బీమ్ దించినట్టు

కోమల్, దాజీ పేట్‌లో అంబాదాస్ తువ్వాళ్ల కార్ఖానాలో గుమాస్తా. తువ్వాళ్లకు తాను ఎర్ర అంచు అడగలేదని, సరుకు కొన్న ఒక సేటు పేచీ పెట్టి, నాలుగింటికి వస్తున్నాడు. ఎర్ర అంచుకు అతను ఒప్పుకున్న ఈమెయిల్ ఒక్కటే వాళ్లకు ఆధారం.

పాత కంప్యూటర్ మొరాయిస్తోందని కోమల్ ఆ పొద్దున మెయిళ్లను కొత్తదానికి చేర్చే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఒకదాంట్లో మార్పు జరిగితే రెండోదాంట్లోనూ జరిగేలా సెట్ చేసింది. మెయిళ్లన్నీ వచ్చాక చాయ్‌కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పాత కంప్యూటర్ ముందు అంబాదాస్ ఉన్నాడు.

"కాకా, ఏం చేస్తున్నరు?"

"పాత మెయిళ్లు తీసేసిన పోరీ. నేసే సాంచ మీద కొత్త నూలు బీమ్ ఎక్కినంక, దించిన పాతదాని మీది నూలు తీసేసుడే కదా!"

కోమల్ కొత్త కంప్యూటర్ చూసింది. మెయిళ్ల సంఖ్య తగ్గుతోంది. తొమ్మిది వందలు, ఎనిమిది వందలు. ఆమె దాని ఇంటర్నెట్ వైరు లాగేసింది. ఆరు వందల పన్నెండు దగ్గర ఆగింది.

"ఏమైంది?"

"ఇక్కడ సుత పోతున్నయి కాకా. సేటుది ఉన్నదో లేదో."

వెతకడానికి సేటు పేరు టైపు చేయబోతే రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి ఆ మెయిల్ తెర మీదికి వచ్చింది. ఫోనుతో ఫోటో తీసింది. ఫోటోలో అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఇంకోటి తియ్యి," అన్నాడు అంబాదాస్. ఎవరూ మళ్లీ తగిలించకుండా వైరు కొసను పిడికిట్లో పట్టుకున్నాడు.