పొడిచిన ఎద్దు

మా ఎద్దు ఎర్రోడిని నిన్న సాయంత్రమే రాళ్ళతో కొట్టి చంపేశారు. ఎద్దుకి విచారణ ఉండదు. మనిషిని పొడిచి చంపిన ఎద్దు చావాలి, దాని మాంసం ఎవరూ ముట్టకూడదు, అంతే. కళేబరాన్ని ఊరవతల లోయలోకి ఈడ్చి పడేశారు. దూడగా ఉన్నప్పటి నుంచి దాన్ని నా చేత్తో ఉప్పు నాకించి పెంచాను. అయినా దాని కోసం ఏడవడానికి నాకు తీరిక లేదు. తెల్లారితే ఊరి ముఖద్వారం, గవిని దగ్గర పెద్దలు కూర్చుని అడగబోయేది ఎద్దు గురించి కాదు, మా ఆయన ఇగాలు గురించి.

ఆ ఎద్దు పొడుస్తుందని ఇగాలుకి ముందే తెలుసా? ఎవరైనా హెచ్చరించారా? హెచ్చరించినా కట్టెయ్యలేదా? తెలియదంటే ఎద్దు చావుతో సరి. తెలుసని ఇద్దరు సాక్షులు చెబితే ఎద్దు పోయిన దారినే యజమానీ పోవాలి.

మా ఆయనకి తెలుసు. నాకు కాళ్ళూ చేతులూ ఆడకపోవడానికి కారణం అదే.

దుక్కుల రోజుల్లో, నిన్న చచ్చిపోయిన ఆ పల్తీ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను బావికి వెళ్ళాను. మా అత్త వాకిట్లో తిరగలి తిప్పుతోంది. "ఒరే ఇగాలూ, నీ ఎద్దు నామీద కొమ్ము విసిరిందిరా. కాస్తలో తప్పింది. దాన్ని కట్టెయ్యి" అన్నాడట పల్తీ. మా ఆయన నవ్వి, "నీ మొహం చూస్తే నాకే పొడవాలనిపిస్తది, దానిదేం తప్పు" అన్నాడట. ఆ సాయంత్రం ఈయనే నాతో చెప్పి పకపకా నవ్వాడు. వాళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచి అంతే, ఒకరినొకరు తిట్టుకోకుండా ముద్ద దిగదు. కట్టేస్తే దుక్కి ఆగిపోతుంది. పల్తీకి ఎద్దు లేదు, మా ఎర్రోడే రెండిళ్ళ పొలమూ దున్నాలి, రెండిళ్ళ కళ్ళమూ తొక్కాలి. అందుకని వదిలేశాడు. నిన్న పల్తీ కళ్ళంలో వంగి బార్లీ కట్ట విప్పుతుంటే వెనక నుంచి వచ్చి ఎత్తి పడేసింది. మా ఆయన పరిగెత్తి వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకునేలోపే ప్రాణం పోయింది.

పల్తీ తమ్ముడు జక్కూరు ఒక సాక్షి. ఒక్కడి మాట చెల్లదు. రెండో సాక్షి మా అత్త.

వేరే తల్లి అయితే నేను హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని. మా అత్త శెరహు సంగతి ఊరంతటికీ తెలుసు. గవిని దగ్గర ఆడదాని మాట ఎవడూ చెవిన పెట్టడు, ఒక్క శెరహు మాట తప్ప. సరిహద్దు రాయి గొడవలో కట్టుకున్న మొగుడి మీదే సాక్ష్యం చెప్పి, ఒలీవ చెట్ల వరసంతా పక్కవాళ్ళ పాలు చేసిన మనిషి. నా పెళ్ళి విందులో చుట్టాల ముందు, "పిల్ల ముక్కు కాస్త వంకరే, పని మాత్రం చేస్తుంది" అంది. ఆవిడ చెప్పే నిజానికి కళ్ళూ లేవు, ముక్కూ లేదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది.

పొద్దు పొడుస్తుండగా ఆవిడ తిరగలి ముందు కూర్చుని ఉంది. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

"అత్తా, ఇవాళ నిన్ను పిలుస్తారు."

"తెలుసు."

"ఏం చెబుతావు?"

"అడిగింది చెబుతా."

"తిరగలి తిప్పుతున్నా, ఆ చప్పుడులో వినపడలేదను. అందులో అబద్ధమేముంది? ఆ మోతలో ఎవరికి వినపడుద్ది?"

"నాకు వినపడింది."

నా ఒళ్ళు మండిపోయింది. "నీకేం, నీ నిజం నీకు మిగులుద్ది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని జోకొట్టుకో. నా పిల్లలకి ఏం మిగులుద్దో చెప్పు" అన్నాను. చేతులు పట్టుకున్నాను. గడ్డం పట్టుకున్నాను. ఆవిడ తిరగలి ఆపి గిన్నెలోకి చూసి, "ఈ పిండి చాలా, ఇంకో పిడికెడు పొయ్యనా?" అంది. ఆ గిన్నె నెత్తిన బోర్లించాలనిపించింది.

మా ఆయన గోడకి ఆనుకుని అంతా వింటున్నాడు. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పల్తీ నెత్తురు అంగీ మీద ఎండిపోయినా మార్చుకోలేదు. నేను ఆయన వైపు తిరిగి, "నువ్వు మాత్రం నోరు విప్పకు. సాక్షులు చెప్పుకోనీ. పిల్లల మీద ఒట్టు" అన్నాను. ఆయన తల ఊపాడు. ఊపాడో, వంచాడో నాకు సరిగా తెలియలేదు.

గవిని దగ్గర అప్పటికే ఊరు ఊరంతా చేరింది. ఊరి పెద్ద షెమీదా రాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పల్తీ పెళ్ళాం మహలా చంకలో పిల్లాణ్ణి వేసుకుని గోడవారన నిలబడింది. నావైపు చూడలేదు. మొన్నటి దాకా ఒకే పొయ్యి మీద రొట్టెలు కాల్చుకున్నాం.

షెమీదా మొదట మా ఆయన్ని అడిగాడు. ఈయన తల దించుకున్నాడు తప్ప మాట్లాడలేదు.

జక్కూరు ముందుకొచ్చాడు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, మా ఆయన వేసిన వేళాకోళంతో సహా. ఆ మాట విని జనం గొణిగారు.

"రెండో సాక్షి ఎవరు?" అన్నాడు షెమీదా.

"ఇగాలు వాళ్ళమ్మ."

వెనక నుంచి ఎవడో, "కొడుకు మీద రాయెత్తే తల్లి ఉంటదా ఎక్కడన్నా?" అన్నాడు. ఇంకొకడు, "అక్కడున్నది శెరహురా. ఉంటది" అన్నాడు. సాక్ష్యం చెప్పిన చేతే మొదటి రాయి వెయ్యాలన్నది మా కట్టుబాటు. మా అత్త చేతుల వైపు చూశాను. ఇంకా పిండి అంటుకుని ఉంది.

"శెరహూ, పల్తీ నీ కొడుకుని హెచ్చరించడం నువ్వు విన్నావా?"

ఆవిడ చేతికంటిన పిండి ముసుక్కి తుడుచుకుంది. అప్పుడు ఆవిడ, రోజూ మాట్లాడే గొంతుతోనే, "వినలేదు" అంది.

నా చెవుల్ని నేను నమ్మలేదు.

"ప్రమాణం చేస్తావా?"

"యెహోవా తోడు. వినలేదు. పల్తీ ఆ రోజు మా ఇంటికే రాలేదు."

తిరగలి చప్పుడు అని ఉంటే సరిపోయేది. ఆ ముసల్దానికి అబద్ధం ఆడటం ఎప్పుడు అలవాటు? ఎంత చాలో తెలియక మొత్తం గోడే కట్టేసింది. అయినా జనం నమ్మేశారు. శెరహు అన్నాక ఇంకేముంది? ఆవిడ పాదాల మీద పడి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

షెమీదా జక్కూరు వైపు తిరిగాడు. ఆయన ముఖం మారిపోయింది.

"విన్నావుగా. మీ అన్న ఆ ఇంటికే వెళ్ళలేదంటోంది. చచ్చినవాడి పేరు చెప్పి ఓ మనిషి ప్రాణం తియ్యాలని చూశావా?"

అబద్ధ సాక్ష్యం చెప్పినవాడు ఎదుటివాడికి ఏ శిక్ష తేబోయాడో అదే వాడి నెత్తినా పడుతుంది. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మా అత్తకి కొడుకు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇప్పుడు కనపడింది. ఆవిడ పెదవులు తెల్లబడ్డాయి.

"పిన్నీ," అన్నాడు జక్కూరు. వాడు మా ఇంట్లో తిని పెరిగినవాడు. "పిన్నీ, నువ్వక్కడే ఉన్నావు. తిరగలి ఆపి నాకు అంజూరు పళ్ళు పెట్టావు. చెప్పు పిన్నీ."

ఆవిడ నేల చూపులు చూసింది.

"చెప్పు పిన్నీ. నీ నోటి మాటతో నన్ను చంపుతారు."

ఆవిడ నోరు తెరిచి మూసింది. మింగలేక కక్కలేక నిలబడింది. ఒక చేతికి కొడుకు, ఇంకో చేతికి జక్కూరు. ఏ చెయ్యి వదలాలి?

అప్పుడు మా ఆయన తలెత్తాడు. ముందు వాళ్ళమ్మని చూశాడు, తర్వాత నన్ను. కళ్ళతోనే వద్దన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, జక్కూరు ఏమైపోయినా సరే, నువ్వు నోరు విప్పకు అని ఉన్న బలమంతా కళ్ళల్లోకి తెచ్చుకుని చెప్పాను. ఆయనకి అర్థమైంది. మా ఇద్దరికీ మాటలక్కర్లేదు.

"వాణ్ణి వదిలెయ్యండి," అన్నాడు. "వాడు చెప్పింది నిజం. పల్తీ వచ్చాడు, చెప్పాడు. నేను విన్నాను. నవ్వాను. కట్టెయ్యలేదు. మా అమ్మ జన్మలో ఆడింది ఒక్క అబద్ధం, అదీ సరిగా ఆడటం రాలేదు. ఆవిణ్ణేమీ అనకండి."

నేను కూలబడిపోయాను. ఆయన్ని బండబూతులు తిట్టాను. నీకు పెళ్ళాం లేదురా, పిల్లలు లేరురా, ఊళ్ళో వాళ్ళే నీకు చుట్టాలురా అని మట్టి తీసి నెత్తిన పోసుకున్నాను. ఆడవాళ్ళు పట్టుకున్నారు.

ఇక సాక్షి ఒక్కడైనా, ఇద్దరైనా లెక్కలేదు. షెమీదా గడ్డం సవరించుకుని జక్కూరుని చూశాడు. జక్కూరు వంగి రాయి తీసుకున్నాడు. అది వాడి హక్కు, వాడి బాధ్యత కూడా. రాయి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక ఘడియ ముందు వాడి ప్రాణం కాపాడినవాడే ఎదురుగా తల వంచుకుని ఉన్నాడు.

"అది కింద పెట్టు" అంది మహలా.

ఉదయం నుంచి అది ఆవిడ మొదటి మాట. అందరూ అటు తిరిగారు.

షెమీదా అన్నాడు, "అమ్మా, ప్రాణానికి బదులు ఇంకేదైనా విధించే హక్కు నీకుంది. వెండి అడుగుతావా?"

"వెండి ఎక్కడుంది వీళ్ళ దగ్గర? ఉంటే మాత్రం నేను తింటానా?" ఆవిడ గొంతులో తడి లేదు. "నా పైరు కళ్ళంలో పడుంది. వానొస్తే కుళ్ళుద్ది. నా మొగుణ్ణి ఎద్దు చంపింది, ఎద్దుని మీరు చంపారు. ఇక నా కళ్ళం ఎవరు తొక్కుతారు? నాకు ఎద్దు కావాలి."

"ఎద్దుని ఇప్పుడెక్కడ్నుంచి తెస్తాం?"

మహలా మా ఆయన్ని చూపించింది. "ఇదిగో, ఉందిగా. చెబితే వినని ఎద్దు. కాడి కట్టి లాగిస్తా. నా పిల్లాడు కాడి ఎత్తే వయసొచ్చేదాకా నా పొలంలో ఎద్దు పని ఇతనిదే. ఒప్పుకుంటే బతుకుతాడు."

నిన్నటి దాకా నన్ను వదినా అని పిలిచిన నోరు అది. ఒప్పుకోక ఏం చేస్తాం? చచ్చినవాడి కోసం ఏడ్చే కంటే బతికున్నవాడి మెడ మీద కాడి మేలు. మా ఆయన తల ఊపాడు. ఈసారి నాకు సరిగ్గా తెలిసింది. జక్కూరు చేతిలో రాయి జారి పడింది.

మా అత్తకి ఎవరూ ఏమీ విధించలేదు. "తల్లి కదా, పోనియ్యండి" అన్నాడు షెమీదా. జనం ఆవిడ పక్క నుంచి తప్పుకుని వెళ్ళారు. ఎప్పుడూ ఆగి పలకరించేవాళ్ళు కూడా ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే మహలా కళ్ళంలో పని మొదలైంది. వాళ్ళింట్లో ఉన్నది పాత జోడెద్దుల కాడి. ఒక పక్క మా ఆయన మెడ పెట్టాడు, రెండో పక్క ఖాళీ. అది ఒరిగిపోతుంటే చేత్తో ఎత్తి పట్టుకుని లాగుతున్నాడు. వెనక, పైరు మీద ఈడ్చే నూర్పిడి బల్ల మీద బరువు కోసం మహలా పిల్లాడితో కూర్చుంది. చేతిలో ముల్లుకర్ర. మొదటి చుట్టులోనే ఆయన తూలితే వీపు మీద పొడిచింది. ఉత్తుత్తికి కాదు, నిజంగానే పొడిచింది. అంగీ మీద నెత్తుటి చుక్క కనపడింది. నేను నీళ్ళ కుండ పట్టుకుని నిలబడ్డాను. కోపం వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఆయన కాళ్ళు కదులుతుంటే చూసి, బతికున్నాడు, బతికున్నాడు అని లోపల అనుకుంటూ ఉన్నాను.

అప్పుడు మా అత్త కళ్ళంలోకి వచ్చింది. ముసుగు నడుముకి బిగించుకుంది. తిన్నగా వెళ్ళి కాడి రెండో పక్క ఎత్తి, దాని కింద మెడ పెట్టింది.

"అమ్మా, వద్దే" అన్నాడు మా ఆయన.

"తప్పుకో ముసలమ్మా," అంది మహలా. "నీ పేరు నేను చెప్పలేదు."

"చెప్పలేదు," అంది మా అత్త. "అబద్ధం ఆడింది నేను. ప్రమాణం చేసింది నేను. జక్కూరు చచ్చిపోతాడని తెలిశాక కూడా నోరు మూసుకుంది నేను. నాకేం శిక్ష వేశారు మీరంతా? తల్లి కదా, పోనీలే అన్నారు. ఎట్టా పోనివ్వమంటావు? నాకు నిద్ర పట్టటం లేదే మహలా."

మహలా ముల్లుకర్ర ఎత్తింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ ఆ కర్రని గడ్డిలోకి విసిరేసి, పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని, మొగుడు పోయినప్పటి నుంచి రాని ఏడుపు ఏడుస్తోంది.

ఏడుస్తూనే, "నడవండి," అంది. "ఎండెక్కుతోంది."

ఇద్దరూ అడుగు వేశారు.