విరుగుడు సూది

సూది అన్న మాట వింటేనే సుజాత పళ్లు కొరికేది. ఎందుకు కొరకదు? ఆయిల్ పామ్ గెలలు కోసి కోసి నడుం పట్టేసిన మొగుడు జంపయ్యకు ఊరి ఆర్ఎంపీ నొప్పి సూది అలవాటు చేశాడు. ఏడాది తిరిగేసరికి నొప్పి పోయింది గానీ సూది పోలేదు. ఒకరోజు ఆమె ఆ ఆర్ఎంపీని నడిబజార్లో చెప్పుతో వాయించి, మందుల సంచి విసిరికొట్టింది. ఊరంతా నిలబడి చూసింది, ఒక్కరూ అడ్డం రాలేదు.

ఆ సంచిలోంచి దొర్లిన రెండు సీసాలు జంపయ్య ఏరి దాచుకున్నాడని మాత్రం ఆమెకు తెలియదు.

మొగుణ్ణి మంచానికి కట్టేసింది. వాడు ఆమె భుజం కొరికాడు, బండబూతులు తిట్టాడు. పది రోజులు ఓర్చుకుంది. పదకొండో రోజు మధ్యాహ్నం జాలిపడి కట్లు విప్పింది. అదే ఆమె చేసిన తప్పు.

కాసేపటికే జంపయ్య పెరట్లో పడి ఉన్నాడు, చేతికి సూదితో, పక్కన రెండు ఖాళీ సీసాలతో. పెదాలు నేరేడుపండులా నల్లబడ్డాయి. పక్కింటి భద్రు ఫోన్ చేస్తే, మండల దవాఖానాలో కొత్తగా తెరిచిన మత్తు విడిపించే వార్డు బండి వచ్చింది. నర్సు మంగ్లి దిగుతూనే సిరంజి తీసింది.

సుజాత గెలలు కోసే కత్తి అందుకుంది.

"సూదితోనే సస్తుండు. మళ్ల సూదా? దగ్గరికొస్తే నరుకుత!"

మంగ్లి ఆగలేదు. కత్తి ఆమె మోచేతిని చీల్చింది.

"అక్కా! పాము కరిస్తే సూదియ్యరా?"

"అది విరుగుడు గదా!"

"గిది గూడ గదే. మత్తుకు విరుగుడు. జల్దీ జరుగు, ఊపిరి ఆగుతాంది."

నిరుడు తాచు కరిచిన సుజాతను బతికించింది ఆ విరుగుడు సూదే. కత్తి చేజారింది.

నెత్తురు కారుతున్న చేత్తోనే మంగ్లి సూది వేసింది. ఒకటి. కాసేపాగి రెండోది. జంపయ్య ఎగశ్వాసతో లేచాడు. లేస్తూనే "ఎందుకు లేపినవే?" అని సుజాత జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. భద్రు, డ్రైవరు కలిసి వాణ్ణి బండిలోకి ఈడ్చారు.

"గంట దాటితే ఈ విరుగుడు దిగుతది, లోపలున్న మత్తుకు మళ్ల ఊపిరి ఆగొచ్చు," అంది మంగ్లి. "వార్డులో ఉండాలె. మళ్ల సూది పడొచ్చు."

సుజాత నుదుటి నెత్తురు తుడుచుకుని బండెక్కింది. తన్నుకుంటున్న మొగుడి కాళ్ల మీద బరువంతా వేసి కూర్చుంది. కొంగు చింపి మంగ్లి మోచేతికి కట్టుకట్టింది.

"ఎన్ని సూదులైనా ఎయ్యి చెల్లె. కత్తి ఇంట్లనే ఇడిసొచ్చిన."