చీమల చుక్క

బరంపురంలో కూర్మమ్మ రోజూ తెల్లవారగానే గుమ్మం ముందు నీళ్లు చల్లి బియ్యప్పిండితో ముగ్గు వేస్తుంది. ముగ్గయ్యాక పక్కన, ఏ గీతా తగలని చోట, ఒక చుక్క పెడుతుంది. అది చీమల వాటా. చీమలు ఆ చుక్క తిని, ముగ్గు మీద నడిచి, ఎక్కడైనా గీత వంకర పోతే సరిదిద్ది వెళ్తాయి. ఆ వీధిలో అది ఎవరూ ఆగి చూసే సంగతి కాదు.

డెబ్బై ఎనిమిదో ఏట ఆమెకి ముగ్గుల్లో మలుపులు తప్పడం మొదలైంది. సగంలో చెయ్యి ఆగిపోయేది. గియ్యని గీతని చీమలు మాత్రం ఏం దిద్దుతాయి? అందుకని మనవరాలు వాసవీకుమారి, గుర్తున్న నూట పన్నెండు ముగ్గులూ వేయించి, ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది.

"ఎవులైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అని రాసినాను మామ్మా. కింద నీ పేరెయ్యాల, అంతే."

"అమ్ముకోనీ. నాను మరిసిపోకుండా ఉంటే సాలు."

అప్పటినుంచి ఫోన్ చూసి ముగ్గు వేసేది.

దసరా ముందు బడా బజార్‌లో ఢిల్లీశ్వరరావు దుకాణంలో, గుమ్మానికి అంటించే ప్లాస్టిక్ ముగ్గులు వచ్చాయి. అన్నీ ఆమెవే. కింద 'మా ఇంటి ఆడవాళ్ల చేతి కళ' అని, పక్కన అతని పేరు. వాళ్లింటి ఆడవాళ్లు పిండి ముట్టి ఎన్నేళ్లయిందో. నెల తిరక్కుండా ఫోన్‌లో ముగ్గులు మాయమయ్యాయి. తన సొత్తు ఎవరో దొంగిలించారని ఆ సైటుకి అతనే ఫిర్యాదు పెట్టి తీయించాడు. ఫొటోలు తీసిన వాసవి పాత ఫోన్ అప్పటికే పాడైపోయింది, వేరే నకలు లేదు.

ఇద్దరూ దుకాణానికి వెళ్లారు.

"పేరెయ్యకపోతే పోనీ బాబూ, ఆ ఫొటోలు మళ్లీ పెట్టించు. అయి లేపోతే నాకు సెయ్యి ఆడదు," అంది కూర్మమ్మ.

అతను కిళ్లీ నములుతూ నవ్వాడు. పాచిపోయిన కూర మీద మూత తీసినట్టయింది ఆమెకి.

"ఊరికే దొరికిందానికి ఓనరెవులు మావుసీ? ముందు అచ్చేసుకున్నోడిదే. నీక్కావాలంటే ఒకటి రేటు తగ్గించి ఇస్తాను."

"మా ఇంట్లో వండింది తిని, మాకే ఎంగిలి అమ్ముతున్నావు," అంది వాసవి. "పక్కన సుక్క ఉండాల. ఏటి సేసినావు?"

"ఆ తప్పా? తీసేసినాను. సరుకన్నాక సుబ్బరంగా ఉండాల కదా."

"అది తప్పు కాదు నాయనా," అంది కూర్మమ్మ. "సీమలది."

మర్నాడు పిండి గిన్నె పట్టుకుని నిలబడితే ఒక్క ముగ్గూ గుర్తు రాలేదు. ఉత్త చుక్క పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారం బడా బజార్‌కి చీమలు వచ్చాయి. ఎవరినీ కుట్టలేదు. దుకాణంలో కట్టల్లోంచి, కొన్నవాళ్ల గుమ్మాల మీంచి, తెల్ల గీతల్ని ముక్కముక్కగా ఊడదీసి, నోట కరుచుకుని నడిచిపోయాయి. మిగిలింది ఖాళీ ప్లాస్టిక్, దాని మీద ఢిల్లీశ్వరరావు పేరు. ఆ పేరుని ఒక్క చీమా ముట్టలేదు. "ముగ్గేదయ్యా?" అంటూ జనం అతని ముఖాన పడేసి పోయారు.

ఎనిమిదో రోజు కూర్మమ్మ తలుపు తీసేసరికి వాకిట్లో తాబేలు ముగ్గు పరుచుకుని ఉంది. ముట్టుకుంటే బియ్యప్పిండే. చీమలు పక్కన బారు తీరి ఉన్నాయి. ఆమె మలుపుల మీద వేలు నడిపింది. వేలు ఎక్కడా ఆగలేదు.

మర్నాడు మరొకటి వచ్చింది. ఆ తర్వాత రోజూ. ఆమె చేయాల్సింది ఒక్కటే మిగిలింది: ఏ గీతా తగలని చోట చుక్క పెట్టడం. అది ఆమె ఏ రోజూ మరిచిపోలేదు.