తొక్కకూడని తివాచీ

కళావతి మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్న రోజున వీధి వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చిన మొగుడు అడిగిన మొదటి మాట, "మెట్టుకేమీ కాలేదు గదా?" అని. ఆమె చంకలోని ఇత్తడి బిందె దొర్లుకుంటూ కిందిదాకా వచ్చింది కాబట్టి, నల్లరాయి ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని చెన్నకేశవులుకి భయం. వంగి ఒక్కో మెట్టూ వేలితో తడిమి చూసుకున్నాక గానీ పెళ్ళాం వైపు తిరగలేదు. తిరిగి అన్నదేమిటయ్యా అంటే, "చూసి నడవాల్న వద్దా?" అని.

చెయ్యి అతుక్కుంది. మాట అతుక్కోలేదు. ఆ మొదటి ప్రశ్నను కళావతి కడుపులో దాచుకుంది. ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తిరిగి ఆయనకే అప్పజెప్పాలని ఆమె పట్టుదల.

హిందూపురంలో ఆ ఇల్లు కట్టేటప్పుడే ఆమె చెప్పింది, లోపలి మెట్లకు గరుకు రాయి వేయించమని. సిమెంటు అంగడి పెట్టుకుని ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళకూ సలహాలిచ్చే మనిషి, ఇంట్లో మనిషి మాట వింటాడా? మొహం కనపడే నునుపు కావాలని నల్లరాయి తెప్పించి అద్దంలా మెరుగు పెట్టించాడు. పక్కన పట్టుకోవడానికి గాజు కటకటా పెట్టించి, దాన్ని పట్టుకుంటే వేలిముద్రలు పడతాయని ఎవరినీ పట్టుకోనివ్వడు. కింద హాలు విశాలంగా కనిపించాలని పడకగదులన్నీ పైన పెట్టించాడు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు బాగుంది. ఉండేవాళ్ళ సంగతి ఎవరిక్కావాలి?

అయినా కళావతి తన వరకూ ఓర్చుకుంది. కోడలు చందన కడుపుతో ఉండటంతో ఆ ఓర్పు కాస్తా అయిపోయింది.

ఒకరోజు పొద్దున వంటింట్లోంచి తొంగి చూస్తే, చందన మెట్ల మీద కూర్చుని ఉంది. ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చెయ్యి రాతికి ఆనించి, కూర్చున్నది కూర్చున్నట్టే పై మెట్టు మీంచి కింది మెట్టుకు జరుగుతూ చంటిపిల్లలా దిగి వస్తోంది.

"ఏమ్మా, ఏమాయ? అట్లొస్తాండావేంది?"

"భయం, అత్తా. స్నానం చేసిన కాళ్ళు, నిలబడితే జారతాండాయి. మామకు చెప్పాకండి. చీర రాసుకుంటే రాయికి గీతలు పడతాయంటాడేమో."

కళావతికి ఒళ్ళు మండిపోయింది. బిడ్డను మోస్తున్న పిల్లకు పడిపోతానన్న భయం కన్నా రాయికి గీత పడుతుందన్న భయం ఎక్కువైంది ఈ ఇంట్లో! ఆదివారం బెంగుళూరు నుంచి వచ్చిన కొడుకు హరీష్‌కు చెబితే, "నాయనతో నువ్వే మాట్లాడుమా, నా మాట యాడ వింటాడు" అని ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. సరే, మగవాళ్ళ సంగతి తేలిపోయింది అనుకుని, ఆ రాత్రే మొగుడి ముందు నిలబడింది.

"మెట్ల మీద తివాచీ పరిపించు. గట్టిది, కాలు నిలిచేది. లేదంటే నేనే గోనెపట్టాలు తెచ్చి మేకులు కొడతా."

మేకులనే మాట వినేసరికి చెన్నకేశవులు గుండె ఝల్లుమంది. ఆపైన ఆయనకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. వచ్చే వారం శ్రీమంతానికి ధర్మవరం నుంచి వియ్యాలవారు వస్తారు. ఎర్రటి తివాచీ పరిచిన మెట్లు చూస్తే వియ్యంకుడు జయప్రకాష్ నోరు తెరవాల్సిందే. "అవునే, బాగుంటాది. పెద్ద హోటళ్ళలో ఉండాది చూడు, అట్ల!" అన్నాడు. ఒప్పుకున్నాడన్న సంతోషం లేదు కళావతికి. ఎవరి కోసం ఒప్పుకున్నాడో తెలిసి మరింత మండింది.

అంగడికి ఇద్దరూ వెళ్ళారు. ఆమె ఒక మందపాటి ముదురు గోధుమరంగు చుట్ట దగ్గర ఆగింది. అంచు కొంచెం విప్పి నేల మీద పరిపించి, చెప్పు విడిచి కాలు పెట్టబోయింది.

"అమ్మా, కాలు పెట్టాకండి! అమ్మే సరుకు, మాసిపోతాది" అని అరిచాడు అంగడాయన.

"తొక్కేదాన్ని తొక్కి చూడకుండా కొనాల్నా? చీరైతే భుజానేసుకుని చూడనిస్తారే! ఇదేమన్నా నెత్తిన కప్పుకునేదా?"

"ఊరుకోవే, నలుగురూ చూస్తాండారు" అన్నాడు చెన్నకేశవులు. ఆయన కళ్ళు అప్పటికే ఇంకోదాని మీద పడ్డాయి. దానిమ్మగింజ రంగు, రెండు పక్కలా ధర్మవరం పట్టుచీరలాగా బంగారు అంచు. చేత్తో నిమిరితే మెత్తగా ఉంది. చేత్తో నడుస్తారా ఎవరైనా? కళావతి ఎంత చెప్పినా అదే కొన్నాడు. పోనీలే, రాతి కన్నా నయం గదా అని ఆమె సరిపెట్టుకుంది.

బిగించడానికి రామాంజి అనే పనివాడు వచ్చాడు. మెట్టుమెట్టుకూ జిగురు పూసి, మూలమూలకూ ఇత్తడి కడ్డీ తగిలించి, సాయంత్రానికి ముగించాడు. తివాచీ మెట్టు నడిమధ్యన పరుచుకుంది. రెండు పక్కలా జానెడు రాయి మిగిలింది. చూడముచ్చటగానే ఉంది. కోడలిని పిలుద్దామని కళావతి పైకి తలెత్తిందో లేదో, చెన్నకేశవులు అంగడి నుంచి ఒక పెద్ద చుట్ట మోసుకొచ్చాడు. భోజనాల బల్ల మీద పరిచే ప్లాస్టిక్ షీటు.

ఆ ఇంట్లో ఇది కొత్త కాదు. సోఫాకు కొన్ననాటి కవరు ఇంకా అట్లాగే ఉంది. కారు సీట్ల కవర్లు ఎండకు చిట్లి తొడలకు గుచ్చుకుంటున్నా తీయనివ్వడు. టీవీ రిమోటుకు కూడా చొక్కా తొడిగిన మనిషి. కానీ మెట్ల మీద?

"ఏమయా, నీకేమన్నా బుద్ధుండాదా? జారతాదనే గదా తివాచీ వేసింది? దాని మీద ప్లాస్టిక్కా?"

"మట్టి పడదమ్మా, నిగనిగలాడతా ఉంటాది" అన్నాడు రామాంజి, షీటును కడ్డీల కిందికి దోపుతూ. అతనికీ అది మామూలే. ఊళ్ళో అందరిదీ ఒకటే ధోరణి.

"శ్రీమంతం దాకా ఎవురూ తొక్కాకండి" అన్నాడు చెన్నకేశవులు. "పక్కన రాయి ఉండాది గదా, దాని మీద నడవండి. వియ్యంకుడు ఒకసారి చూడనీ. ఆమీట నీ ఇష్టం."

ఇంత దూరం వచ్చి చివరికి ఆ పిల్లకు మిగిలింది ఏమిటి? జానెడు వెడల్పు నున్నటి రాయి. కళావతికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. శుభకార్యం ముందు గొడవెందుకని పళ్ళు బిగబట్టుకుంది. కోడలిని మాత్రం కిందికి దిగనివ్వలేదు. అన్నం, నీళ్ళు తానే పైకి మోసింది. విరిగి అతుకుపడ్డ చెయ్యి సలుపుతుంటే, రాతి అంచున గోడకు ఒరుసుకుంటూ ఎక్కి దిగింది.

శ్రీమంతం రోజు రానే వచ్చింది. ధర్మవరం వాళ్ళు దిగారు. చందన తల్లి రమాదేవి పైకెళ్ళి కూతురికి పట్టుచీర కట్టి, పూలజడ వేసి, కాళ్ళకు పసుపు రాసి పారాణి దిద్దుతోంది. కింద చెన్నకేశవులు పట్టుపంచె కట్టుకుని వియ్యంకుడిని నేరుగా మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"చూడండి బావా, ఈ కడ్డీలు అచ్చమైన ఇత్తడి. ఈ అంచు చూస్తిరా? మీ ఊరి చీర మాదిరే ఉండాది."

అంచు దగ్గరగా చూపించాలని ఉత్సాహంగా రెండు మెట్లెక్కి, మూడోదాని మీద కాలు మోపాడు. ప్లాస్టిక్ సర్రుమంది. చెన్నకేశవులు నడుం మీద పడి, పంచె ఒకవైపు, తాను ఒకవైపు, దబదబా కిందికి వచ్చాడు.

వంటింట్లోంచి కళావతి పరిగెత్తింది. ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మెట్టుకేమీ కాలేదు గదా? అంతే. అడిగేస్తే తీరిపోతుంది. కానీ ఆయన మొహం నొప్పితో వంకర తిరిగి ఉంది. "అయ్యో, యాడ తగిల్యా? లేయ్, నా చెయ్యి పట్టుకో" అనేసింది. అన్నాక తన నోటి మీద తనకే కోపం వచ్చింది. ఇంత మంచి అదను మళ్ళీ వస్తుందా!

చెన్నకేశవులు ఆమె చెయ్యి పట్టుకుని లేస్తూ, మూలుగుతూ, "నాకేం లేదు గానీ... షీటు చినిగిందేమో చూడే" అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి వదిలేసింది. పూలు కట్టడానికి పెట్టిన కత్తెర బల్ల మీంచి తీసుకుని మొదటి మెట్టు దగ్గర వంగింది. పరపరా కోసుకుంటూ పైకి వెళ్ళింది. వచ్చిన చుట్టాలందరూ మెట్ల దగ్గర మూగారు.

"చినిగింది. బాగా చూడు, నీ షీటు చినిగింది! నేను పడినప్పుడు రాయిని చూస్తివి. నువ్వు పడినా షీటునే చూడమంటివి. రేపు నా కోడలు పడితే దేన్ని చూస్తావు? చెప్పు, నీ బావ ముందరే చెప్పు!"

చెన్నకేశవులు జారిన పంచె బిగించుకున్నాడు. జయప్రకాష్ తల దించుకున్నాడు. కోసిన ప్లాస్టిక్ ముక్కలను కాలితో కిందికి తోసేసి, కళావతి పైమెట్టు మీద నిలబడి పిలిచింది. "చందనా, రామ్మా. నడిమధ్యన నడువు."

చందన బయటికి వచ్చింది. ఆరీ ఆరని పసుపు, పారాణి కాళ్ళతో మొదటి అడుగు భయంభయంగా వేసింది. కాలు నిలిచింది. రెండోది ధైర్యంగా వేసింది. తర్వాత దేన్నీ పట్టుకోకుండా, తలెత్తి మెల్లగా దిగివచ్చింది. దానిమ్మరంగు తివాచీ మీద మెట్టుమెట్టుకూ పచ్చటి పాదం ముద్ర పడింది.

ఆ మరకలు చూసి చెన్నకేశవులు నోరు తెరిచాడు.

"ఏమన్నా అంటాండావా?" అంది కళావతి. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది.

ఆయన నోరు మూసుకుని కోడలికి దారి వదిలాడు. పక్కకు జరగ్గానే కాలికి కిందిమెట్టు అంచున నున్నటి రాయి తగిలింది. మళ్ళీ జారతానేమోనని గబుక్కున రెండు చేతులతో గాజు కటకటాను వాటేసుకున్నాడు. తాంబూలాల్లో కుంకుమ సర్దిన చేతులేమో, పది వేళ్ళూ కుంకుమతో స్పష్టంగా అచ్చుపడ్డాయి.

మర్నాడు పనిమనిషి యల్లక్క తడిగుడ్డ తీసుకుని ఆ గాజు తుడవబోయింది. "దాని జోలికి పోవాక, యల్లక్కా" అంది కళావతి. "అట్లే ఉండనీ."