బతికొచ్చినందుకు బగారన్నం

నేను బతికొచ్చినందుకు మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక. అరవైమందికి బగారన్నం, చికెన్, వంట నాదే. కుడి భుజం ఎముక విరిగి కట్టులో ఉంది, ఎడమ చేత్తో ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

"ఒక చెయ్యి మంచిగనే ఉన్నది గదనే," అన్నాడు మా ఆయన విన్సెంట్, సోఫాలోంచి లేవకుండా.

గుల్మార్గ్‌లో నాకు ప్రమాదం జరిగిన చోటు, స్కీ లిఫ్టులు కూడా పోని కొండవాలు అది, అక్కడ ఎవరూ తొక్కని మంచు, రెండు కాళ్లూ ఒకే స్నోబోర్డుకు బిగించుకుని అంచు మీంచి జారితే చెవుల్లో గాలి తప్ప ఏదీ ఉండదు, నేనప్పుడు ఎవరి కోడలినీ కాను! రాత్రి పడ్డ మంచు ఇంకా కుదురుకోలేదని తెలుసు, ఇంకో రోజు ఆగాలనీ తెలుసు, కానీ మా అత్తమ్మ మరియమ్మ ఫోన్ మీద ఫోన్. "ఆదివారం ఆడబిడ్డ పిల్లగాని బాప్తిస్మం, నువ్వు లేకపోతే వంట ఎవరు జేస్తరు?" ఆగకుండా జారాను. కొండ మీది మంచు విరిగి నన్ను కప్పేసింది. మంచు కింద వేలు కూడా కదల్లేదు. నా ఫ్రెండు ఆసిమా, నా ఒంటికి కట్టుకున్న, జాడ తెలిపే బీకన్ సిగ్నల్ పట్టుకుని, పారతో తవ్వింది. పదకొండు నిమిషాలు.

"ఇయ్యాల సాక్ష్యం చెప్పేటప్పుడు ఇగ బోర్డు ముట్టనని ఒట్టు వెయ్యి," అంది అత్తమ్మ, నా చేతిలో ఇంకో కిలో అల్లం పెడుతూ. "సంఘం ముంగట అన్నంక మాట తప్పలేవు."

"ఆసిమా పేరు గిట్ట తియ్యకు," అన్నాడు విన్సెంట్. "దేవుడు కాపాడిండు అను, సాలు."

అదీ సంగతి. నా నోటితోనే నాకు తాళం వేయించడానికి ఇంతమందికి భోజనాలు, ఆ భోజనాలూ నేనే వండాలి.

కూడికలో పాటలయ్యాక దావీదు పాస్టర్ గారు సాక్ష్యం చెప్పమని పిలిచారు. లేచాను.

"నన్ను తవ్వి తీసింది ఆసిమా. దేవుడు ఎవర్ని పంపిండంటే, ఆమెనే."

"కూసో బిడ్డా, కూసో," అత్తమ్మ నా చీర లాగింది.

"అయిపోలే అత్తమ్మా. ఫిబ్రవరిల మల్ల గుల్మార్గ్ పోత. ఈసారి మంచు కుదురుకునేదాంక ఆగుత, ఇంటికాడికెల్లి ఎవలు పిలిచినా దిగిరాను. నాకోసం ప్రార్థన చెయ్యుండ్రి."

అలవాటు కొద్దీ గదంతా "ఆమెన్" అంది. అందరికంటే గట్టిగా, విన్సెంట్.