ఉప్పు తినేసిన మెరుపు

బండి మీది పట్టా తీసి, కొవ్వు తుడవగానే బురుల్చా గుండె జారిపోయింది.

ఆ ఎర్ర జావా మోటారుసైకిలు మామగారు సతార్‌ది. టాంకుకు రెండు పక్కలా, దీపం చుట్టూ, చక్రాల మడ్‌గార్డుల మీదా తళతళలాడే క్రోమియం. ముప్ఫై ఏళ్లు దాని మీదే కొండమీది కాపరుల గుడారాలకు టపా మోశాడు. మంచు పడకముందు ఊపిరితిత్తుల ఆపరేషన్‌కని రాజధాని బిష్కెక్ వెళ్తూ, ఇద్దరు కొడుకులుండగా కొత్త కోడలిని పిలిచి చెప్పాడు. "చలికి తుప్పు పట్టకుండా బండికి కొవ్వు పట్టించు తల్లీ. నీ చెయ్యి నిదానమైన చెయ్యి."

ఆమె గొర్రె తోకకొవ్వు కరిగించి మూలమూలకూ పట్టించింది. ఒక్కటే పొరపాటు. పచ్చికొవ్వు డబ్బా అనుకుని, చలికాలం వంటకి ఉప్పేసి దాచిన కొవ్వు డబ్బా తీసింది. ఉప్పు ఊరికే కూర్చోదు కదా. చలికాలమంతా పట్టా కింద తన పని తాను చేసుకుపోయింది. ఇప్పుడు ఏప్రిల్‌లో చూస్తే క్రోమియం మొత్తం గోధుమరంగు తుప్పు, టీ ఒలికి ఎండిన గుడ్డలా.

ఎల్లుండే ఆయన వస్తున్నాడు. ఇంట్లో అడుగుపెట్టకముందే బండిని చూస్తానని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు.

మరిది కొట్టంలోకి తొంగిచూసి ఈల వేశాడు. అత్తింటివాళ్లను అసలు పేరుతో పిలవకూడదు కాబట్టి బురుల్చా అతనికి మిర్జా అని పేరు పెట్టుకుంది.

"అయ్యో వదినా! బండికి ఊరగాయ పెట్టావా?"

"నవ్వకు మిర్జా. నా ప్రాణం పోతోంది."

"ఇంతదానికేనా? సమాధుల కంచెకు వేసిన వెండిరంగు సగం డబ్బా మిగిలింది. రెండు పూతలు వేశామంటే మెరుపే మెరుపు. ముసలాయన కళ్లకు తేడా ఏం తెలుస్తుంది?"

"ఆయన కళ్లకే తెలుస్తుంది. అయినా కంచెకు వేసిన రంగు బండికి వేస్తామా?"

"అయితే ఏడుస్తూ కూర్చో. నేను మాత్రం ఉప్పుకొవ్వు సంగతి చెప్పనులే. ఎలకలు నాకాయని చెబుదాం," అంటూ వెళ్లిపోయాడు.

ఆమె మూలనున్న రంగు డబ్బా వైపు చూసింది. రంగు వేస్తే తప్పు కనబడదు. కానీ కింద ఉన్నది మళ్లీ ఎప్పటికీ కనబడదు.

పుట్టింట్లో తల్లి టీ నీళ్లు కాచే సమోవర్‌ను పెరుగు తేటతో తోమేది. బురుల్చా పుల్లటి తేట గిన్నెడు తెచ్చుకుంది. టీ పొట్లం లోపలి వెండికాగితం ఉండచుట్టి, తేటలో ముంచి, టాంకు మీద బొటనవేలంత మేర మెల్లగా రుద్దింది. బూడిదరంగు నురగ వచ్చింది. గుడ్డతో తుడిచింది.

అక్కడ ఒక కన్ను ఆమెను చూస్తోంది.

ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. కన్నూ జరిగింది. అది తనదే. కనురెప్ప మీది పుట్టుమచ్చతో సహా అంత స్పష్టంగా ఆ ఇంటి అద్దంలో కూడా ఎప్పుడూ కనబడలేదు. ఊపిరి తగిలి మసకబారి, మళ్లీ తేటపడింది. ఇంత వెలుగు ఈ మురికి కింద చలికాలమంతా చీకట్లో పడుకుని ఉందా! తాను చేసింది ఏదీ కాదు, ఉన్నదాని మీద నుంచి పక్కకు తప్పుకుంటోంది, అంతే. అలా అనిపించి చెయ్యి కాసేపు ఆగిపోయింది. అత్తగారు రొట్టెకు పిలిచినా వినబడలేదు.

రెండు రోజులు రుద్దింది. కన్ను పక్కన ముక్కు వచ్చింది, తలగుడ్డ వచ్చింది, కొట్టం వాకిలి వచ్చింది, వాకిట్లోంచి కొండ మీది మంచు వచ్చింది. తోమినంత మేరా సుద్దపొడితో మెరుగుపెట్టింది. కానీ అక్కడక్కడ ఆవగింజల్లాంటి నల్లచుక్కలు మాత్రం పోలేదు. ఉప్పు అక్కడ లోహం దాకా తినేసింది. వెనక మడ్‌గార్డుకు చెయ్యి తగలకముందే వాకిట్లో కారు ఆగింది.

సతార్ సగానికి సగం చిక్కిపోయాడు. కర్ర పట్టుకుని నేరుగా కొట్టానికే వచ్చాడు. టాంకు ముందు వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత గోటితో ఒక నల్లచుక్కను తడిమాడు.

"ఎలకలు, నాన్నా..." అని మిర్జా మొదలుపెట్టాడు.

"ఉప్పు, ఆతా," అంది బురుల్చా. మామగారిని తండ్రిలా ఆతా అనే పిలుస్తుంది. "డబ్బా మారిపోయింది. తప్పు నాదే. ఈ చుక్కలు ఇక పోవు."

ఆయన తల అటూ ఇటూ తిప్పి, ఆ చుక్కల మధ్య తన ముఖాన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసుకున్నాడు.

"ముప్ఫై ఏళ్లు దీన్ని కొవ్వులో దాచడమే గానీ, ఇలా అడుగుదాకా తోమింది లేదు," అన్నాడు మెల్లగా. "కొన్ననాడు కూడా ఇందులో ఇంత లోతు చూడలేదు. ఏంటమ్మా ఇది? దేనితో తీశావు?"

"పెరుగు తేట, టీ పొట్లం కాగితం."

"పెరుగు తేటా!" నవ్వబోతే దగ్గొచ్చింది. కర్ర గోడకానించి, వెనక మడ్‌గార్డు పక్కన మెల్లగా కింద కూర్చున్నాడు. "ఇది వదిలేశావేం?"

"సమయం చాల్లేదు, ఆతా."

"మంచిదే. గిన్నె ఇలా తే."

కాగితపు ఉండను తేటలో ముంచి రుద్దాడు. నురగ తుడిచాడు. అరచేయంత వెలుగు బయటపడింది. ఆయన దాన్నే చూస్తుంటే, బురుల్చా పక్కన మోకాళ్ల మీద కూర్చుని గిన్నె పట్టుకుంది.