బోర్డు చూడుము

మా కాలేజీ ఆడపిల్లల కాలేజీగా ఉన్న తొలిరోజుల్లో యూనివర్సిటీవాళ్లు పరీక్షలు రాయనిచ్చేవారు గానీ డిగ్రీ ఇచ్చేవారు కాదు. దాన్ని మగపిల్లల కాలేజీలో కలిపేసిన పాతికేళ్లకు ఇప్పుడు వాళ్ల మనసు కరిగింది. కాలేజీ రిజిస్టర్లో పాసైనట్టు పేరుంటే చాలు, బతికున్నవాళ్లకు పట్టా ఇస్తామన్నారు. మా పిన్నికి ఎనభై ఆరు. తన ఏడాదికి ఆవిడే ఫస్టు.

"పట్టా తీసుకునే పోతానే," అని నాచేత గౌను కొలతలు కూడా తీయించుకుంది.

కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా గుమాస్తాను. నాకు తెలియని కాగితం ఆ భవనంలో లేదని నా పొగరు. రిజిస్టర్ తీశాను. పిన్ని పాసైన ఏడాది పేజీలో రెండు నుంచి పదిహేడు దాకా పేర్లున్నాయి. మొదటి వరుసలో మాత్రం 'బోర్డు చూడుము' అని ఉంది. పక్క పేజీలు తిప్పాను. అన్ని ఏళ్లకూ అంతే.

ఫస్టు వచ్చినమ్మాయి పేరు భోజనాల హాల్లో చెక్క బోర్డు మీద బంగారు రంగుతో రాయించేవారని పిన్ని చెప్పేది. పుస్తకంలో నలుగురితో పాటు రాస్తే గొప్పేముందని మొదటి ప్రిన్సిపాలమ్మ పట్టుదలట. డిగ్రీ ఎలాగూ రాదు, గోడ మీదైనా వెలగనీ అనుకుంది కాబోలు మహాతల్లి.

కాలేజీలు కలిపినప్పుడు ఆ హాలు క్యాంటీన్ అయింది. బోర్డులేం చేయమంటారని వడ్రంగి అడిగితే, 'పేర్లన్నీ రిజిస్టర్లో ఉన్నవి, అక్కర్లేదు' అని రాసి సంతకం పెట్టింది నేనే. ఆ రిజిస్టర్ తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఆ బోర్డుల్ని చిత్రిక పట్టి క్యాంటీన్లో అరలు చేశారు. పళ్లేలు దించి చెక్కలన్నీ తడిమాను. గోటికి గీత కూడా తగల్లేదు.

"ఏమైనా పోయిందా మేడం?" అన్నాడు క్యాంటీన్ అతను. పళ్లేలు మళ్లీ అరల్లో సర్దేశాను.

యూనివర్సిటీ గుమాస్తా కూడా నాలాంటివాడే. "పేరు లేని వరుసకి పట్టా ఎలా ఇస్తామండీ?" అన్నాడు. శుక్రవారంతో దరఖాస్తుల గడువు అయిపోయింది.

పిన్నికి అంతా చెప్పేశాను, సంతకం సంగతితో సహా. తిడితే బాగుండేది. తిట్టలేదు.

"రెండో వరుసలో ఎవరున్నారే?"

"హాస్టల్లో మీ గదిలో ఉండే పొడుగుపిల్ల. ఆవిడకి పట్టా వస్తోంది."

"దానికి లెక్కలు నేనే చెప్పాను," అంది పిన్ని. "ఇంకాస్త బాగా చెప్పుంటే నన్ను దాటిపోయేది."